చుండూరుకు కోర్టు వచ్చింది, లంకలకు రాదా?

తెనాలి నుంచి బాపట్ల వైపు రైలెక్కితే కాసేపటికే చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను చంపారు. విచారణ మా ఊళ్లోనే జరగాలని బాధితులు పట్టుబట్టారు, చివరికి ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పుల మీద వాదన ఎలా ఉన్నా, జనం కోర్టు దగ్గరికి పోవడం కాకుండా కోర్టే జనం దగ్గరికి వచ్చిన సందర్భం అది. అందరికీ న్యాయసాయం అనగానే ఇప్పుడు ఫోను చూపిస్తున్నారు. నాకైతే చుండూరే గుర్తొస్తుంది.

ఫోను చేసిన మేలును తీసిపారేయలేం. రేపల్లె నుంచి రైల్లో బాపట్ల పోవాలంటే నేటికీ తెనాలి వచ్చి బండి మారాల్సిందే. వాయిదా ఎప్పుడో కనుక్కోవడానికే ఒక రోజు కూలి పోగొట్టుకున్నవాళ్లకు ఈ-కోర్ట్స్ యాప్ నిజంగా దేవుడిచ్చిన వరం. సీఎన్ఆర్ నంబరు పదహారు అక్షరాలూ తప్పులేకుండా కొడితే తేదీ వస్తుంది. దాని పక్కనే ‘ఫర్ కౌంటర్’ అని ఇంగ్లిషులో ఉంటుంది. అదేమిటో తెలియాలంటే మళ్లీ ప్లీడరు గుమాస్తాకే ఫోన్ చేయాలి. సుప్రీంకోర్టు తీర్పులను తెలుగులోకి మార్చే ‘సువాస్’ సాఫ్ట్‌వేర్ 2019లోనే వచ్చింది. ఈ రెండు మాటలను తెలుగు చేయడం అంతకంటే కష్టమా?

జనన, మరణ ధ్రువపత్రాలను వాట్సాప్‌లో ఇచ్చే ప్రయోగానికి తెనాలినే ఎంచుకున్నారు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’ మొదలైంది. బాగుంది. అయితే ధ్రువపత్రం అంటే రికార్డులో ఉన్నదాన్ని తీసి ఇవ్వడమే. ప్లీడరు అవసరం పడేది సాధారణంగా రికార్డు లేని చోట, లేదా రికార్డు తప్పుగా ఉన్న చోట.

కృష్ణా నదిలోని కొల్లూరు లంకలనే తీసుకోండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగింది. లంకల్లో అరటి, పసుపు, కంద నీళ్లపాలయ్యాయి. అంతకు ముందు ఏడాది డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రెండుసార్లూ కౌలు రైతుదే పెట్టుబడి, నష్టమూ అతనిదే. పరిహారం జాబితాలో పేరుండాలంటే ఈ-పంటలో నమోదు కావాలి, దానికి కౌలు కార్డు ఉంటే దారి సులువు. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. నోటిమాట కౌలుకు ఆ సంతకం ఎవరు పెడతారు? ఏ యాప్ అయినా ఈ గడప దగ్గరే ఆగిపోతుంది.

చట్టంలో దారి లేకపోలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ వరద బాధితులకు ఉచిత న్యాయసాయం హక్కుగా ఇచ్చింది. ఈ కారణంతో అడిగేవాళ్ల ఆదాయం చూడరు. లంకల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయొచ్చు, కామన్ సర్వీస్ సెంటర్‌లో కూర్చుని టెలీ-లా వకీలుతో మాట్లాడొచ్చు. వకీలు ఓపిగ్గా వింటాడు, తహసీల్దారుకు అర్జీ పెట్టమంటాడు, ఫోన్ పెట్టేస్తాడు. ఆ అర్జీ ఎవరు రాస్తారు? తిరస్కరిస్తే ఎవరు అడుగుతారు? సలహా ఉచితమే గానీ, దాని వెనక నిలబడే మనిషి ఉండడు.

ఇక కృత్రిమ మేధ రాసే అర్జీల మాట. 2023లో న్యూయార్క్‌లో చాట్‌జీపీటీ పుట్టించిన లేని కేసులను కోర్టు ముందు పెట్టినందుకు ప్లీడర్లకు 5 వేల డాలర్ల జరిమానా పడింది. అక్కడ నిలదీయడానికి కనీసం ప్లీడర్లున్నారు. లంక రైతు చేతిలో తప్పుడు అర్జీ పెడితే ఎవర్ని నిలదీస్తాం?

నేను కోరేది పెద్ద పోర్టల్ కాదు. వరదొచ్చినప్పుడు పునరావాస శిబిరం నడిచే బడిలోనే నష్టం లెక్క రాసే బల్ల పక్కన ఇంకో బల్ల వేయాలి. ఒక ట్యాబ్, ఒక పారా లీగల్ వలంటీరు, తెరమీద తెనాలి నుంచో రేపల్లె నుంచో ఒక ప్యానెల్ న్యాయవాది. ఈ చేను ఎవరు దున్నారో చెప్పే ఇరుగుపొరుగు వాంగ్మూలాలు ఆ రోజే రాసుకుని, అర్జీకి జతచేయాలి. రైతు చేతికిచ్చే రసీదు మీద ఆ న్యాయవాది పేరు, ఫోన్ నంబరు తెలుగులో ఉండాలి. నీళ్లు తీశాక అడిగితే చేలో సాక్ష్యం ఉండదు, ఊళ్లో సాక్షులూ నోరు విప్పరు.