యూరియా బస్తా లేని సముద్రం

హంసలదీవి దగ్గర కృష్ణానది సముద్రంలో కలిసే చోట నిలబడినప్పుడల్లా మాకు ఒకటే ఆలోచన. ఇంత నీటికి ఎరువు వేసేదెవరు? నది మోసుకొచ్చే బలం చాలావరకు ఒడ్డు దగ్గరే అయిపోతుంది. లోపల, వెచ్చని ఉష్ణమండల సముద్రాల పైనీటిలో, నత్రజని ఎరువు దాదాపు ఉండదు. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే, కానీ మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు.

అక్కడ ట్రైకోడెస్మియం అనే సూక్ష్మజీవి ఉంది. విడిగా కంటికి ఆనదు. గుంపులుగా పెరిగితే నీటిమీద రంపపుపొట్టు చల్లినట్టుంటుంది, నావికులు దాన్ని అలాగే పిలిచారు. అది గాలిలోని నత్రజనిని పట్టి ఆహారంగా మారుస్తుంది. అందులో కొంత నీటిలోకి జారి, మిగతా జీవులకూ చివరికి చేపలకూ చేరుతుంది. ఇదే పనికి ఫ్యాక్టరీలో 400 డిగ్రీల వేడి, మామూలు గాలికి వందరెట్లు మించిన ఒత్తిడి కావాలి. నిర్గమకాండము 16లో మన్నా సంగతి నమ్మే మనకు ఇది నమ్మలేని మాట కాదు.

దాని బంధువులు మన వరిమడిలోనూ ఉన్నాయి. వరిపొలాల్లోని నీలి ఆకుపచ్చ నాచు నత్రజని పడుతుందని పి.కె. డే 1939లోనే చూపారు. అజొల్లా ఆకుల గుల్లల్లో అనబీనా కాపురముంటుంది. జీలుగ వేళ్ల బుడిపెల్లో ఉండేవి వేరే జాతి బాక్టీరియా, పని మాత్రం అదే. యూరియా ఎక్కువ పడితే ఇవి పని తగ్గించుకుంటాయి. ఊరికే దొరుకుతుంటే ఎవరు కష్టపడతారు?

యూరియా వేయడం పాపమని మేము చెప్పము. దిగుబడి పోతే అప్పు తీర్చేది మేము కాదు గదా. కానీ జీలుగ చల్లమంటే మన సంఘంలో కౌలురైతు ఒకాయన అన్న మాట మమ్మల్ని వదలడం లేదు. "అయ్యగారూ, వచ్చే ఏడు ఈ చేను నాదో కాదో. నేలకు బలం ఎవరికోసం చేయను?"

సూక్ష్మజీవులకు కొదవ లేదు, కొదవ మన దగ్గరే. లేవీయకాండము 25 ప్రకారం భూమి దేవునిది, పట్టా ఉన్నవారు కూడా ఆయన దగ్గర పరవాసులే. ముందు వరుసలో కూర్చునే భూమిగల అయ్యలారా, అమ్మలారా, ఈసారి కౌలు ఒక్క ఏడాదికి కాక మూడేళ్లకు మాట ఇవ్వండి. ఆ మాట వేసవి వానలకు ముందే చెప్పండి. కాలువకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యేలోగా జీలుగ పూతకొచ్చి, మడిలో కలియదున్నాలి.