లింక్ పంపితే పాఠం చేరినట్టేనా?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కిందటి టర్మ్‌లో ఒక శనివారం సాయంత్రం భౌతికశాస్త్రం వర్క్‌షీట్ కోసం స్కూల్ పోర్టల్‌లో లింక్ వచ్చింది. నొక్కితే ఏమీ జరగలేదు. తప్పు అని కూడా చూపించలేదు. నా ఫోన్‌లో నొక్కాం, వాళ్ల అమ్మ ఫోన్‌లో నొక్కాం, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో నొక్కాం. అంతటా అదే కథ. "నువ్వే ఏదో తప్పు నొక్కుతున్నావు" అని పిల్ల మీద విసుక్కున్నాను. సోమవారం డైరీలో "హోంవర్క్ చేయలేదు" అని ఎర్ర సిరాతో వచ్చింది. ఆ రెండో మాట కంటే నా మొదటి మాటే దాన్ని ఎక్కువ బాధపెట్టిందని తర్వాత తెలిసింది.

తప్పు పిల్లది కాదు. టీచర్ నిర్లక్ష్యమూ కాదు. ఆమె తన కంప్యూటర్‌లో వర్డ్ ఫైల్‌లో ఆ లింక్‌ను నొక్కి చూసుకునే పంపారు. అక్కడ చక్కగా తెరుచుకుంది. మరి మన దగ్గర ఎందుకు తెరుచుకోలేదు? ఆ లింక్‌ను నిదానంగా చదివితే కారణం అందులోనే ఉంది. అది మామూలు వెబ్‌సైట్ చిరునామాలా "హెచ్‌టీటీపీఎస్" అని మొదలవలేదు. "ఫైల్" అని మొదలై, వెంటనే "జెడ్" డ్రైవ్ పేరు ఉంది.

జెడ్ డ్రైవ్ అంటే స్కూల్ సర్వర్‌లో అందరూ వాడుకునే ఫోల్డర్‌కు ఆ కంప్యూటర్ పెట్టుకున్న ముద్దుపేరు. "మధ్య గదిలో బీరువా, రెండో అర" అన్నట్టు. ఇంట్లోవాళ్లకు అది చాలు, పోస్ట్‌మ్యాన్‌కు చాలదు. అదే స్కూల్లో ఇంకో కంప్యూటర్‌లో జెడ్ అనే డ్రైవ్ లేకపోవచ్చు, ఉన్నా వేరే ఫోల్డర్‌ను చూపవచ్చు. సర్వర్ పేరుతో సహా పూర్తి దారి రాస్తే ఆ ఇబ్బంది స్కూల్ లోపల తీరుతుంది. స్కూల్ గోడ దాటితే మాత్రం ఆ సర్వరే మనకు కనబడదు.

రెండో కారణం బ్రౌజర్. వెబ్ పేజీలో ఉన్న లింక్‌ను నొక్కి నేరుగా కంప్యూటర్‌లోని ఫైళ్లలోకి వెళ్లడానికి క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మామూలుగా ఒప్పుకోవు. ఏ వెబ్‌సైట్ పడితే అది మన ఫైళ్ల జోలికి రాకుండా పెట్టిన కాపలా అది. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆఫీసు నెట్‌వర్క్‌లలో ఇలాంటి లింకులను తెరిచేది. చాలా కంప్యూటర్లలో 2022 జూన్ 15తో దాని కాలం తీరిపోయింది. అందుకే "బ్రౌజర్ మార్చి చూడండి" అన్న సలహా ఇక్కడ పనిచేయదు. కాపలా తీసేసే సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్‌ల జోలికి అసలే పోవద్దు. ఒక వర్క్‌షీట్ కోసం ఇంటి తలుపు తీసి పెట్టుకోలేం కదా.

2022 ఏప్రిల్ 4న మన గూడూరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అప్పట్లో కవరు మీద పాత జిల్లా పేరే రాసినా, 524101 అనే పిన్ కోడ్ చూసి ఉత్తరాన్ని మన ఊరికి చేర్చేవాళ్లు మనుషులు. కంప్యూటర్‌కు ఆ సర్దుబాటు తెలియదు. ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం మార్చినా, ఫైల్‌ను పక్క ఫోల్డర్‌లోకి జరిపినా పాత లింక్ చచ్చినట్టే.

అన్నీ బయట పెట్టేస్తే భద్రత ఏమవుతుందని యాజమాన్యం అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మార్కుల జాబితాలు, పిల్లల వివరాలు స్కూల్ సర్వర్‌లోనే ఉండాలి. వర్క్‌షీట్ రహస్యం కాదు కదా! దాన్ని పీడీఎఫ్‌గా పోర్టల్‌లోకే ఎక్కించవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో పెడితే "లింక్ ఉన్న ఎవరైనా" చూసేలా అనుమతి ఇవ్వాలి, లేకపోతే అక్కడా "అనుమతి అడగండి" అనే తలుపే ఎదురవుతుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లోని దీక్ష క్యూఆర్ కోడ్‌ను ఏ ఊళ్లో, ఎవరి ఫోన్‌తో స్కాన్ చేసినా పాఠం వస్తుంది. ఫీజు కట్టే మనం అంతకంటే తక్కువ అడగనక్కర్లేదు.

నేను కోరేది రెండే. ఒకటి, లింక్ పంపే ముందు స్కూల్ వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో, స్కూల్ ఖాతా లాగిన్ లేని ఫోన్‌లో ఎవరో ఒకరు దాన్ని తెరిచి చూడాలి. ఒక్క నిమిషం పని. రెండు, లింక్ తెరుచుకోలేదని తల్లిదండ్రులు అదే రోజు తెలియజేస్తే ఆ పిల్లకు "చేయలేదు" అని రాయకూడదు.

మన వంతూ ఉంది. పిల్లల్ని కసిరే ముందు లింక్ ఎలా మొదలైందో చూద్దాం. "ఫైల్" అని ఉంటే మనం ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. స్క్రీన్‌షాట్ తీసి, ఏ ఫోన్‌లో నొక్కామో, ఏం కనబడిందో రెండు ముక్కల్లో టీచర్‌కు పంపుదాం. కంప్యూటర్ తెలియదని మొహమాటపడి ఊరుకునే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. మనం ఊరుకుంటే ఆ ఎర్ర సిరా పిల్లల డైరీలోనే మిగిలిపోతుంది.

విషయం చెప్పగానే మా టీచర్ ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు. నేనూ ఇంటికెళ్లి అమ్మాయికి సారీ చెప్పాను. వచ్చే పీటీఎంలో ఈ రెండు కోరికలూ అడుగుతాను. మీరూ గొంతు కలపండి.