ముందు తీగ వేడెక్కాలి

మధిర చుట్టుపక్కల మిరప చేలల్లో బ్యాటరీ స్ప్రేయర్లు ఇప్పుడు మామూలే. మందు కొడుతుండగా అది ఉన్నట్టుండి ఆగిపోతే మోటారు కాలిందని హడలిపోనక్కర్లేదు. చాలాసార్లు స్విచ్ దగ్గరో బ్యాటరీ దగ్గరో తీగ ఊడి ఉంటుంది, అంతే. దానికోసం పని మానుకుని ఊళ్లోకి పరుగెత్తాలా? ఇంట్లో ఓ సోల్డరింగ్ ఐరన్ ఉండి, వాడటం తెలిస్తే పావుగంట పని.

ఈ విద్య మనకేమీ కొత్తది కాదు. కంసాలి వెలిగారం వేసి నగకు టంకం పెట్టడం, ఇత్తడి గిన్నెలకు నవాసాగరం చల్లి తగరంతో కళాయి పూయడం, చిల్లు బిందెలకు మాట్లు వేసేవాళ్లు వీధుల్లో కేకేసుకుంటూ తిరగడం పెద్దవాళ్లకు గుర్తే. వెలిగారమైనా నవాసాగరమైనా చేసే పని ఒకటే... లోహం మీది చిలుమును వదలగొట్టి, కరిగిన లోహం పట్టుకునేలా చేయడం. ఇప్పటి సోల్డర్ తీగ కడుపులోనే అలాంటి మందు ఉంటుంది. దాన్నే ఫ్లక్స్ అంటారు.

కొనేటప్పుడు 25 వాట్లది చాలు. రేడియో, ఛార్జరు, టార్చి, స్ప్రేయర్ తీగలు... అన్నింటికీ సరిపోతుంది. బాగా లావు తీగలకైతే 60 వాట్లు కావాలి. దాన్ని సన్నటి సర్క్యూట్ బోర్డు మీద పెడితే రాగి గీతలు లేచిపోతాయి. మూడు పిన్నుల ప్లగ్గున్నదే తీసుకోండి. స్టాండు కూడా కొనండి. చాప మీదో మంచం మీదో పెట్టే వస్తువు కాదిది! సోల్డర్‌లో 60/40 రకం అడగండి. అంటే 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. సీసం లేని రకానికి 217 డిగ్రీలు దాటాలి. కొత్త చేతికి కాస్త కష్టమే.

ఐరన్ వేడెక్కగానే మొనకు కొంచెం సోల్డర్ పూయండి. ఇదీ కళాయి లాంటిదే. మొన నల్లబడితే తడి స్పాంజితో తుడిచి మళ్లీ పూయాలి. ఆకురాయితో రుద్దితే పైపూత పోయి మొన త్వరగా అరిగిపోతుంది.

ఇక అసలు కిటుకు. చాలామంది మొన మీద సోల్డర్ కరిగించి, ఆ చుక్కను తెచ్చి తీగ మీద అంటిస్తారు. ఈలోగా ఫ్లక్స్ పొగై పోతుంది. తీగేమో చల్లగానే ఉంటుంది. అందుకే ముందు తీగల్ని గీకి, మెలిపెట్టి, ఐరన్‌తో రెండు మూడు సెకన్లు వేడి చేయండి. తర్వాత సోల్డర్‌ను ఐరన్‌కు కాదు, తీగకు తాకించండి. నీళ్లలా పాకి పట్టుకుంటే అతుకు కుదిరినట్టే. గుండుపూసలా ఉబ్బి నిలబడితే కుదరలేదన్నమాట. ఆరేదాకా కదపొద్దు. అల్యూమినియం తీగకు మాత్రం ఎంత తంటాలు పడ్డా ఈ సోల్డర్ పట్టదు.

వెనకటి టీవీలు నెత్తిన ఒక్కటిస్తే గానీ బొమ్మ చూపించేవి కావు, గుర్తుందా? వాటిలో చాలావాటి జబ్బు ఇదే. మెకానిక్కుల భాషలో డ్రై సోల్డర్! అలాగని పాత టీవీ విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది.

స్ప్రేయర్ విషయంలో ఓ జాగ్రత్త. ముందు బ్యాటరీ తీసేసి, మందు మరకలు కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. పురుగుమందు అంటిన తీగను కాలిస్తే ఆ పొగ పీల్చేది మీరే. అతికాక తీగకు స్లీవు తొడిగి, కదలకుండా కట్టండి. సోల్డర్ పట్టినచోట తీగ బిరుసెక్కుతుంది. భుజాన ఊగుతుంటే సరిగ్గా దాని పక్కనే మళ్లీ తెగుతుంది.

సోల్డర్ తీగను పళ్లతో కొరకొద్దు. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నానికి కూర్చోండి. పొగ ఫ్లక్స్‌దే అయినా ఆయాసం ఉన్నవాళ్లకు పడదు. కాబట్టి కిటికీ దగ్గర కూర్చుని చేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచి.

ఐరన్ ఉంది కదాని వంటింట్లో కారే గిన్నెకు ఈ సోల్డర్ పెట్టొద్దు. చింతపండు పులుసు సీసాన్ని లాగేస్తుంది. అది నేరుగా పిల్లల కడుపులోకే. ఇత్తడి గిన్నెకు కళాయి పూయించినా, శుద్ధమైన తగరమేనా అని అడిగి మరీ పూయించండి. చిల్లు గిన్నెలో ఏ తులసి మొక్కో పెట్టుకుంటే సరి.