ఇంజన్ నీళ్లు చూడకుండా మొగ దాటొద్దు

వేట నిషేధంతో ఏప్రిల్ 15న ఒడ్డెక్కిన ఇంజన్ పడవలు జూన్ 14 దాటగానే మళ్లీ సముద్రంలో పడతాయి. ఆ తెల్లవారుజామున కళింగపట్నం నుంచి నిజాంపట్నం దాకా ఏ రేవులో చూసినా అందరి ధ్యాసా వలల మీద, ఐసు మీద, కిరోసిన్ డబ్బాల మీద ఉంటుంది. పడవ వెనక భాగమైన అమరం మీద బిగించిన మోటారు పక్క నుంచి సన్నగా చిమ్మే నీటి ధారను పట్టించుకునేవాళ్లు తక్కువ. పడవ కదిలే ముందు చూడాల్సింది దాన్నే. రెండు నెలలు కదలకుండా పడున్న ఇంజను ఆ మొదటి వేటలోనే కాలిపోవచ్చు. ఒడ్డున కాలితే పోయేది డబ్బు. ఏరు సముద్రంలో కలిసే మొగలో కాలితే పడవలో మనుషులున్నారు.

ఫైబర్ పడవల అవుట్‌బోర్డు మోటారుకు లారీకి ఉన్నట్టు రేడియేటర్ ఉండదు. ప్రొపెల్లర్‌కు కాస్త పైన ఉండే సన్నని రంధ్రాల గుండా సముద్రపు నీరే లోపలికి వస్తుంది. షాఫ్టుతో పాటు తిరిగే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, ఆ నీటిని సిలిండర్ చుట్టూ తోసి బయటికి పంపుతుంది. ఆ రెక్కలు పంపు లోపల ఒక పక్క ఎప్పుడూ వంగే ఉంటాయి. నిషేధం రోజులన్నీ ఎండలో అలాగే ఉంటే రబ్బరు బిగిసి ఆ వంపులోనే ఉండిపోతుంది. లోపల నిలిచిన ఉప్పునీరు ఇగిరి నీటి దారుల్లో పెచ్చు కడుతుంది. ధార వచ్చే బెజ్జంలో కందిరీగ గూడు పెట్టినా పెడుతుంది.

ఇంజను బాగుందో లేదో చూద్దామని ఒడ్డున, పొడి ఇసుకలోనే తాడు లాగి స్టార్ట్ చేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంపెల్లర్‌కు నీళ్లే కందెన. నీళ్లు లేకుండా తిరిగితే కొద్ది క్షణాల్లోనే రెక్కలు కాలిపోతాయి. పరీక్ష పేరుతో మనమే పంపును చంపి, తర్వాత సముద్రంలోకి తీసుకెళ్తాం. పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు నింపి, రంధ్రాలు పూర్తిగా మునిగేలా మోటారును దించి, అప్పుడు తిప్పండి. ఉప్పు కూడా కొంత కరుగుతుంది. ఇంపెల్లర్ మార్చి ఏడాది దాటితే ఆలోచించకుండా కొత్తది వేయించండి. పాతదాని రెక్క ఒక్కటి విరిగి ఉన్నా ఆ ముక్క ఎక్కడుందో దొరికేదాకా మెకానిక్‌ను వదలొద్దు. అది పైకి పోయి నీటి దారిలో అడ్డుపడితే కొత్త ఇంపెల్లర్ వేసినా ఫలితం ఉండదు.

ధార వస్తోంది కదా అని పూర్తిగా నమ్మడానికీ లేదు. చాలా మోటార్లలో ఆ నీరు థర్మోస్టాట్‌కు ముందే చీలి బయటికి వస్తుంది. థర్మోస్టాట్ మూసుకుపోయి సిలిండర్ తల మాడుతున్నా ధార ఎప్పటిలాగే కనిపించవచ్చు. అందుకే చేయి పెట్టి చూడండి. నీరు గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి కాలుతున్నా, ఆవిరి వస్తున్నా, పెయింటు మాడిన వాసన తగిలినా, ఇంజను జోరు తనంతట తానే తగ్గినా వేడెక్కినట్టే. చిన్న మోటార్లలో చాలావాటికి హెచ్చరిక బజర్ ఉండదు. ఇంకోటి, నూనె. టూ స్ట్రోక్ ఇంజన్‌కు కలపాల్సిన నూనెలో పొదుపు చేస్తే నీళ్లు ఎంత బాగా తిరిగినా పిస్టన్ పట్టేస్తుంది. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌కు మార్చే ఇంజన్లలో మసి త్వరగా పేరుకుంటుంది కాబట్టి వాటి మీద ఇంకో కన్ను వేయాలి.

సముద్రంలో ధార ఆగిపోయిందనుకోండి. మీరెక్కడున్నారన్నదాన్ని బట్టే ఏం చేయాలన్నది ఉంటుంది. కెరటాలు విరిగే చోట, మొగ మధ్యలో ఉంటే వెంటనే ఇంజను ఆపకండి. జోరు లేని పడవ కెరటానికి అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది. ఇంజను పోతే పోనివ్వండి, నెమ్మదిగానైనా కెరటాల వరస దాటించండి. దాటాక వెంటనే ఆపి, ముందు లంగరు వేయండి. ముందు భాగమైన అణియం వైపు నుంచే వేయాలి. అమరం వైపు కడితే మోటారు బరువుకు తోడు కెరటం వెనక నుంచి ఎక్కి పడవ నిండుతుంది. గాలి నేల మీద నుంచి వీస్తుంటే లంగరు లేని పడవ గంటలో ఎంత దూరం కొట్టుకుపోతుందో సరంగులకు చెప్పక్కర్లేదు.

తర్వాత మోటారును పైకెత్తి రంధ్రాలు చూడండి. చాలాసార్లు దొరికేది ఒక ప్లాస్టిక్ సంచో, తెగిన వల ముక్కో. గోదావరి పాయల్లో అయితే గుర్రపుడెక్క వేళ్లు. ధార బెజ్జంలో మందపాటి తంగూసు ముక్క దూర్చి తిప్పితే ఇసుక రాలుతుంది. కాలుతున్న ఇంజను మీద సముద్రపు నీళ్లు మాత్రం గుమ్మరించకండి, సిలిండర్ తల పగులుతుంది. ఆ వేడిలో పక్కనే కిరోసిన్ డబ్బా మూత తీయకండి. కనీసం అరగంట చల్లారనివ్వండి. తాడు లాగితే కదలకపోతే బలం పెట్టకండి, పిస్టన్ పట్టేసింది. కదిలి స్టార్ట్ అయినా నిమిషంలో ధార రాకపోతే ఆపేయండి. వస్తే ఆ రోజు వేట మానుకుని తక్కువ జోరుతో ఒడ్డుకు రండి. అసలు స్టార్ట్ కాకపోతే కోస్ట్ గార్డ్ 1554కు ఫోన్ చేయండి. సిగ్నల్ అందకపోతే వీహెచ్‌ఎఫ్ 16వ ఛానల్, ట్రాన్స్‌పాండర్ ఉన్న పడవల్లో దాని ఆపద మీట. ఇంజను ఉంది కదా అని తెడ్లు ఇంట్లో వదిలేసే అలవాటు వీటన్నింటికన్నా చెడ్డది.

మత్స్యశాఖ కూడా ఈ రెండు నెలల్ని కేవలం నిషేధంగా, భృతి పంపిణీగా చూస్తే చాలదు. పడవల రిజిస్ట్రేషన్ కాగితాలు చూసే సిబ్బందితో పాటు రేవుకో మెకానిక్‌ను, ఒక నీళ్ల డ్రమ్మును పంపడం పెద్ద ఖర్చు కాదు. వలలకు, ఇంజన్లకు రాయితీ ఇచ్చేటప్పుడు అసలైన ఇంపెల్లర్ కిట్లను కూడా అందులో చేర్చవచ్చు. బజారులో దొరికే చవక రబ్బరు ఒక్క సీజన్ కూడా ఆగకపోతే దాన్ని అమ్మినవాడు పడవలో ఉండడు. ఈ ఏర్పాటు జూన్ 15 తర్వాత చేస్తే ఈ ఏడాదికి ఉపయోగం లేదు. నిషేధం చివరి వారంలోనే జరగాలి. అప్పటిదాకా ప్రభుత్వం కోసం ఆగకుండా, రేవులో నలుగురు కలిసి ఒక డ్రమ్ము తెచ్చి పెట్టుకోండి.