కలుపు తీయుట దండనమా?

మా పాఠశాల బావికిని భోజనశాలకును నడుమ ఆరు తోటమళ్ళు కలవు. ఒకప్పుడు వానిలో వంగయు, బెండయు, టమాటయు పండెడివి. వానిని చూచుకొనుచుండిన వృద్ధుడు పని మానిన పిమ్మట రెండు వర్షకాలములు గడచునప్పటికి గట్లు సైతము కనబడక తుంగయు, గరికయు, వయ్యారిభామయు మోకాలియెత్తున పెరిగెను. వానిని బాగుచేయు భారము నాపై పడినది. నేను తోటపని యెరిగినవాడను కాను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆ విషయమును గూర్చి నాలుగు పుటలు చదివి పరీక్ష వ్రాసితిని గాని, కుర్పీ పట్టి యెరుగను. నోటుపుస్తకములు దిద్దుటయు, హాస్టలు పర్యవేక్షణమును పోగా నాకు మిగులు సమయము దినమునకు పావుగంట. నావంటి తీరిక లేని క్రొత్తవారు ఈ పత్రిక చదువరులలో మరికొందరుందురు గాన, నేను చేసిన తప్పులను, వానివలన నాకు గలిగిన యొక యభిప్రాయమును ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదటి తప్పు యేమనగా, ఆ పనిని దండనముగా మార్చితిని. ఆలస్యముగా వచ్చినవారిని, ఇంటిపని చేయనివారిని మళ్ళలోనికి పంపితిని. ఇది నేను క్రొత్తగా కనిపెట్టినది కాదు. బాల్యమున నేనును అట్లే గడ్డి పీకితిని. పిల్లలు కోపముతో చేతికందిన ఆకులను పట్టి లాగిరి. సాయంకాలమునకు మడి శుభ్రముగా కనబడెను. పది దినములలో తుంగ మునుపటికంటె దట్టముగా లేచెను.

కారణము తరువాత తెలిసినది. తుంగ బలము ఆకులో లేదు, నేల క్రింది గడ్డలలో నున్నది. ఆ గడ్డలు సన్నని వేళ్ళతో గొలుసువలె ఒకదానికొకటి కూడియుండును. పైభాగమును త్రెంపినచో గడ్డ మరల చిగిర్చును. పారతో గొలుసును తెగగొట్టినచో అంతవరకు నిద్రించుచున్న గడ్డలు మేలుకొని వేరువేరు మొక్కలగును. గరికయు నట్టిదే, కణుపు కణుపున వేరు దిగును గాన ఎన్ని ముక్కలైన నన్ని మొక్కలు. కోపముతో కలుపు పీకువాడు కలుపును నాటుచున్నాడన్నమాట.

రెండవ తప్పు ఉత్సాహమువలన కలిగినది. జులై మాసమున ఒక శనివారము అరువదిమంది విద్యార్థులతో శ్రమదానము చేయించి, ఆరు మళ్ళను ఒక్కపూటలో లోతుగా త్రవ్వించితిని. ఛాయాచిత్రము కూడ తీయించుకొంటిమి! తరువాత మూడువారములు పరీక్షల హడావిడిలో అటు చూచినవారు లేరు. లోతున పూడియున్న విత్తనములు పైకి వచ్చి, వెలుతురు తగిలి, ఒక్కసారిగా మొలిచెను. విత్తనముల ఓపిక యెంతటిదో తెలియుటకు ఒక సంగతి చెప్పెదను. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున విలియం జేమ్స్ బీల్ అను వృక్షశాస్త్రోపాధ్యాయుడు 1879లో కలుపువిత్తనములను ఇసుకతో కలిపి 20 సీసాలలో నింపి భూమిలో పాతిపెట్టెను. ఆయన తరువాతివారు కొన్నియేండ్లకొక సీసా చొప్పున వెలికితీయుచు వచ్చిరి. 2021లో తీసిన సీసాలోని విత్తనములు కొన్ని 142 సంవత్సరముల తరువాత మొలకెత్తినవి. ఇట్టి శత్రువును ఒక శనివారముతో జయింపదలచితిని!

మా హాస్టలులో జనగామ చెల్క నేలల పిల్లలు, మహబూబాబాదు మిరపచేల పిల్లలు, భూపాలపల్లి అడవిప్రాంతపు పిల్లలు కలిసియుందురు. శ్రమదానము ముగిసిన కొన్ని దినములకు, మిరపచేల ప్రాంతపు బాలుడొకడు లెక్కలు చేయనందున నేను వానిని మళ్ళకు పంపితిని. వాడు కదలక నిలిచి, “సారూ, మా అమ్మ దినాం చేసే పని ఇదే. ఆమె ఏం తప్పు చేసింది?” అని అడిగెను. అది పెడసరమా, నిజముగా తెలియక అడిగెనా యని నేను తేల్చుకొనలేకపోతిని. ఏదైనను జవాబు నాయొద్ద లేదు. మన ప్రాంతమున కలుపుతీతకు పోవువారు చాలవరకు స్త్రీలు. మన విద్యార్థులలో అనేకుల రుసుము ఆ కూలితోనే కట్టబడుచున్నది. ఆ పనిని నేరమునకు ప్రతిఫలముగా నిలుపుచు, మరునాడు తరగతిలో శ్రమగౌరవమును గూర్చి వ్యాసము వ్రాయుడని చెప్పుట నాకు సిగ్గు కలిగించెను. ఆనాటినుండి దండనము మానితిని. పనిని మాత్రము మానలేదు.

ఇప్పుడు ఆరింటిలో ఒక్క మడినే పట్టుకొంటిమి. దాని వెడల్పు నాలుగడుగులు గాన ఇరుప్రక్కలనుండి నడుమకు చేయి అందును, మట్టిని త్రొక్క నక్కరలేదు. తక్కిన ఐదింటిని బాగుచేయుటకు ప్రయత్నింపలేదు. పూత కనబడినప్పుడు విత్తు కట్టకమునుపే కొడవలితో తలలు కోయించితిమి, అంతే. తీరిక లేనివాడు నేర్వవలసిన మొదటి విద్య ఇదియే యని నా యభిప్రాయము: గెలువలేనిచోట శత్రువు పెరుగకుండ చూచుట. ఇష్టపడి వచ్చిన ఆరుగురు పిల్లలు, నేను, మొదటి గంటకు ముందు పదునైదు నిమిషములు. పొడిగా నున్నప్పుడు చెల్క నేల యిటుకవలె నుండును గాన ముందునాటి సాయంకాలమే నీరు చల్లుదుము.

తుంగను తీయు విధము నాకు నేర్పినది భూపాలపల్లి ప్రాంతపు ఎనిమిదవ తరగతి బాలిక. కుర్పీని ఏటవాలుగా దింపి, మట్టిని కొంచెము లేపి, వేరు వెంబడి వ్రేళ్ళు పోనిచ్చి గడ్డను చేజిక్కించుకొనవలెను, లాగరాదు. తీసిన గడ్డలను ఎరువుగుంటలో వేసితిమా, ఎరువుతోపాటు తిరిగి మడికి వచ్చును. బండమీద ఎర్రటి యెండలో పరచి, పూర్తిగా వట్టిపోవువరకు ఉంచవలెను. వయ్యారిభామను పూత రాకమునుపే, వాన కురిసిన మరునాడు, చేతికి తొడుగు వేసికొని వేరుతో పెకలింపవలెను; దానివలన కొందరికి చర్మవ్యాధియు ఉబ్బసమును కలుగును. 1950 దశకపు నడుమ పుణె నగరమున కనబడిన ఈ విదేశపు మొక్క దేశమంతట వ్యాపించుటకు వింత లేదు, ఒక్కొక్క మొక్క 10,000కు పైగా విత్తనములను రాల్చును.

మొలిచినదంతయు పగ కాదని కూడ ఆ బాలికయే చెప్పినది. గంగవాయిలి కూరను వేరుచేసి వంటశాలకు పంపినది, ఆనాడు పప్పు రుచిగా నుండెను. గునుగును పెకలింపనీయలేదు, బతుకమ్మకు కావలెనట. ఆ గునుగునే కొన్నిచోట్ల గురుగు అందురు. మన తెలుగు బైబిలులో గోధుమల నడుమ శత్రువు విత్తిన కలుపునకు గురుగులని పేరు. ఆ యుపమానమును ఎన్నియో పర్యాయములు బోధించితిని గాని, ఆ పేరుగల మొక్క మా బావి ప్రక్కనే పూయుచున్నదని ఎరుగనైతిని.

మడి తేరుకొన్న పిదప బొబ్బెర చల్లితిమి. అది త్వరగా నేలను కప్పును. తుంగకు నీడ గిట్టదు. ఖాళీస్థలమున నాలుగు వ్రేళ్ళ మందమున వరిగడ్డి పరచితిమి. 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలైనప్పుడు రైతులు చెరువు పూడికమట్టిని చెల్కలకు తోలుకొనిన సంగతి జ్ఞప్తికి వచ్చి, మేమును రెండు గంపల చెరువుమట్టి తెచ్చితిమి. అందును తుంగగడ్డలుండును గాన జల్లెడ పట్టితిమి.

మందు కొట్టించిన ఒక్కదినములో తీరునుగదా యని పెద్దలొకరు సలహా యిచ్చిరి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము గ్లైఫోసేటును శిక్షణ గల చీడనివారకులు తప్ప ఇతరులు వాడరాదని ఉత్తరువు వెలువరించినది. బావి ప్రక్కన, పిల్లలు తిను కూర పెరుగుచోట నేను దానిని ఒప్పుకొనలేను. మరికొందరు తల్లిదండ్రులు, చదువుకొనుటకు పంపిన పిల్లలకు మట్టిపని యేల యనుచున్నారు. వారి బాధ నాకు తెలియును. తాము పడిన కష్టము బిడ్డలు పడరాదని వారి కోరిక. అందుచేతనే ఈ పనికి ఎవరిని గాని బలవంతపెట్టుట లేదు. మా సహోపాధ్యాయులను నేను కోరునది ఒక్కటే. రాబోవు సంవత్సరమునుండి తోటపనిని దండనముల పట్టికనుండి తొలగింపవలెను. ఆలస్యముగా వచ్చినవానిని ఆ పాఠము వ్రాయుటకు నిలుపుడు; మడికి పంపకుడు, మడి చెడును.

మొదటి మడికి దినమునకు ఐదు నిమిషములు చాలునంతవరకు రెండవదాని జోలికి పోలేదు. ఇప్పుడు మూడవదానిలో నున్నాము. లెక్కలు చేయని ఆ బాలుడు రెండవ మడిలో మిరపనారు పోసినాడు. తక్కిన మూడింటిలో తుంగ యథాస్థితిగా నున్నది.