వ్యాయామోపాధ్యాయునికి తృప్తి ఎక్కడ?

వృత్తియందు తృప్తి జీతమువలననే కలుగునని పలువురు తలచుచుందురు. జీతము చాలని యింట తృప్తి నిలువదనుట నిజమే. కాని దివ్యాంగ విద్యార్థులకు ఆటలు నేర్పు వ్యాయామోపాధ్యాయునికి, తన పనిని నలుగురు పనిగా గుర్తించినపుడే నిజమైన తృప్తి కలుగునని మా అభిప్రాయము.

నందిగామ, జగ్గయ్యపేటల మెట్టప్రాంతము 2022లో కృష్ణా జిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినది. ఇక మారవలసినది ఆటల పీరియడు. నడవలేని బాలుడు చెట్టునీడను కూర్చుండి తోటివారి పుస్తకాల సంచులకు కాపలా యుండుట మనకు కొత్త దృశ్యము కాదు. అట్లు కూర్చుండబెట్టిన మాస్టారు కఠినాత్ముడు కాడు. ఒక్క ఈలతో తరగతినంతను నడుపవలసినవాడు. ఆగస్టు పదిహేనున కవాతు బాగున్నచో ఆయనను మెచ్చుకొందుము. ఆ బాలుడు కూర్చున్నచోటినుండియే గురిచూచి బంతి విసరిన దినమున ఆయన భుజము తట్టువారెవరు?

చట్టము లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. క్రీడలలో వారు పాల్గొనునట్లు చూచు బాధ్యతను 30వ సెక్షను ప్రభుత్వముపై నుంచినది. అయితే చట్టమును మైదానమునకు తెచ్చువాడు ఉపాధ్యాయుడే. వినలేని బాలునికి ఈల నిరుపయోగము, జెండా ఊపవలెను. చూపులేని బాలునికి గలగలలాడు బంతి కావలెను. ఇవి లక్షల వ్యయముతో కూడినవి కావు.

ఇట్టి గుర్తింపు ఎంత దూరము తీసికొనిపోగలదో పొరుగున తెలంగాణలో చూచితిమి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి పరుగును తొలుత గమనించినది ఆమె పాఠశాల వ్యాయామోపాధ్యాయుడే. పిదప నాగపురి రమేశ్ శిక్షణలో ఆమె 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున 400 మీటర్లను 55.07 సెకనులలో పరుగెత్తి, మేధోవైకల్యము గలవారి విభాగమున ప్రపంచ రికార్డు నెలకొల్పినది. ఆ యేడే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యపతకము గెలిచినది. ప్రతి విద్యార్థియు పతకము తేనక్కరలేదు. చెట్టుకింది పిల్లవాడు ఆటలోనికి వచ్చినచో ఆ గురువునకు అంతే చాలును.

కావున కళాశాల పాలకవర్గము వారికి మా విన్నపము: వార్షిక క్రీడోత్సవమున దివ్యాంగ విద్యార్థులకు పోటీలు పెట్టవలెను. వ్యాయామోపాధ్యాయుని ప్రత్యేక శిక్షణకు పంపి, ఖర్చు భరింపవలెను. ఆయన చేసిన యీ కృషిని వార్షిక నివేదికలో పేర్కొనవలెను.

విద్యార్థులారా! పాఠము చెప్పువానిని, కుస్తీ నేర్పువానిని ఉరుదులో ఒకే మాటతో 'ఉస్తాద్' అని పిలుతుము. మీలో రేపు ఆ వృత్తిని చేపట్టువారు కలరు. చెట్టునీడన ఎవరు మిగిలిరో ముందుగా చూచి, పిమ్మట ఈల వేయుడు.