దైవభీతి లేని మంచితనం

తెలుగునాట ఒక మనిషిని మెచ్చుకోవాలంటే "పాపభీతి ఉన్నవాడు" అంటారు. అప్పు ఇచ్చేటప్పుడు, పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఆ ఒక్క మాట పూచీకత్తులా పనిచేస్తుంది. దేవుడు చూస్తున్నాడన్న భయం పోతే మనిషి దేనికైనా తెగిస్తాడన్న నమ్మకం దాని వెనక ఉంది. ఆ నమ్మకాన్నే ఒకసారి పరీక్షకు పెట్టాలి.

భక్తులు దానధర్మాలు చేయరని ఎవరూ అనలేరు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) వేళకాని వేళ గడప తొక్కినవారికి కూడా వండి వడ్డించారు. ఆమె పరమ భక్తురాలు. అమెరికాలో రాబర్ట్ పట్నం, డేవిడ్ క్యాంప్‌బెల్ 2010లో ప్రచురించిన పరిశోధనలోనూ క్రమం తప్పక ప్రార్థనలకు వెళ్లేవారే విరాళాలు, స్వచ్ఛంద సేవ ఎక్కువ చేస్తున్నారని తేలింది. అయితే వాళ్లు కారణం కూడా వెతికారు. ఎవరు ఏ సిద్ధాంతాన్ని ఎంత గాఢంగా నమ్ముతున్నారన్నదానితో పెద్దగా తేడా కనిపించలేదు. ప్రార్థనా మందిరంలో ఎంతమంది ఆప్తమిత్రులున్నారన్నదే తేడా తెచ్చింది. పక్కన కూర్చునే స్నేహితుడు రక్తదానానికి రమ్మంటే కాదనలేం. ఆ పిలుపు గ్రంథాలయం నుంచి వచ్చినా, రైతు సంఘం నుంచి వచ్చినా కాళ్లు అటే నడుస్తాయి.

1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రకటించిన ప్రయోగం మరింత ఆలోచింపజేస్తుంది. ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ వేదాంతం చదువుతున్న 40 మందిని, ప్రసంగం చేయాలని చెప్పి, ఒక్కొక్కరినీ పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి తలవాల్చి, దగ్గుతూ, మూలుగుతూ పడి ఉన్నాడు. ఆలస్యమైపోయిందని తొందరపెట్టినవారిలో నూటికి పదిమందే సాయపడ్డారు. తీరిక ఉన్నవారిలో నూటికి 63 మంది ఆగారు. కొందరు ప్రసంగించబోతున్నది మంచి సమరయుని కథ గురించే. దారిన పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మనిషి కథ అది. ఆ కథ మనసులో మెదులుతున్నా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

హేతువాదులు తమ తప్పునూ ఒప్పుకోవాలి. మతవిశ్వాసం ఉన్న ఇళ్లలోని పిల్లలు తక్కువగా పంచుకుంటారని ఆరు దేశాల్లో జరిపిన ఒక అధ్యయనం 2015లో ప్రకటించింది. నాస్తికులు దాన్ని సంబరంగా చాటుకున్నారు. దేశాల వివరాలను లెక్కగట్టడంలో పొరపాటు బయటపడి, 2019లో పరిశోధకులే దాన్ని ఉపసంహరించుకున్నారు. ఇక ఆ అధ్యయనాన్ని సాక్ష్యంగా ఎవరూ ఎత్తకూడదు.

విశ్వాసం అన్నం పెట్టించింది. పంక్తిలో ఎవరు కూర్చోవాలో, ఎవరు గుమ్మం బయట నిలబడాలో కూడా అదే నిర్ణయించింది. ఒక్కో కులానికి ఒక్కో సత్రం కట్టించినవారు పుణ్యం కోసమే కట్టించారు. దేవతకు మొక్కుకుని ఆడపిల్లల్ని జోగినులుగా మార్చినవారికీ దైవభీతి నిండా ఉంది. ఆ జోగిని ఆచారాన్ని నిషేధించడానికి 1988లో చట్టం తేవాల్సి వచ్చింది.

మరి దేవుడు లేడన్నవారు ఏం చేశారు? గోరా, సరస్వతి గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించారు. సహపంక్తి భోజనాలు పెట్టి అంటరానితనాన్ని ఎదిరించారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గోరా తన కుమార్తెకు దళిత యువకుడితో పెళ్లి నిశ్చయించారు. ఆస్తికుడైన గాంధీజీ ఆ పెళ్లి తానే జరిపిస్తానన్నారు. ఆయన హత్యకు గురైన కొద్ది వారాలకే, 1948 మార్చిలో, సేవాగ్రామ్ ఆశ్రమంలో ఆ పెళ్లి జరిగింది. గోరా కుమారుడు లవణం, కోడలు హేమలత స్టువర్టుపురం వెళ్లారు. పుట్టుకతోనే నేరస్థులని బ్రిటిష్ చట్టం ముద్రవేసిన ఎరుకల కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. నిజామాబాద్ ప్రాంతంలో జోగినుల విముక్తికీ వాళ్లే పూనుకున్నారు. వాళ్లెవరూ స్వర్గాన్ని ఆశించలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ బురదలోకి మదర్ థెరిసా వచ్చారు, నాస్తిక కేంద్రం కార్యకర్తలూ వచ్చారు. గూడు, గుడ్డ పోయి నిలబడ్డవారిలో ఎవరికీ సాయానికి వచ్చినవాళ్ల పాపభీతి సంగతి ఆరా తీయాలనిపించి ఉండదు.